వంతెన మీద కెమెరా ఉంటే తప్పు చేయనివాడికి నష్టమేమిటి?

అడిగిన ప్రశ్న ఇది: "మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. భీమవరంలో ఉద్యోగం, రోజూ సొంత కారులోనే వెళ్లి వస్తాను. టోల్‌గేటు దగ్గర, వంతెనల దగ్గర, ఊరి సెంటర్లలో నంబర్ ప్లేటు చదివే కెమెరాలు పెరుగుతున్నాయి. తప్పు చేయనివాడికి భయమెందుకు అంటాడు మా బావ. నాకు మాత్రం లోపల టెన్షన్‌గానే ఉంది. మామూలు డ్రైవర్ల ప్రైవసీకి వీటివల్ల నిజంగా ప్రమాదం ఉందా?"

ఉందండీ. కానీ చాలామంది అనుకునే చోట లేదు. స్పీడుగా వెళ్తే ఫోటో తీస్తారు, చలానా వస్తుంది, కడతాం. అంతటితో ఆ వ్యవహారం ముగుస్తుంది. మీరు ఏ తప్పూ చేయకుండా బుద్ధిగా వెళ్లిన రోజుల రికార్డు ఏమవుతోంది, ఎన్నాళ్లు ఉంటోంది, దాన్ని ఎవరెవరు తీసి చూడగలరు అన్నదే అసలు విషయం. ఉభయ గోదావరి జిల్లాల్లో కెమెరాలు బిగించడం, వాటిని కంట్రోల్ రూమ్‌కు కలపడం, ఆ సాఫ్ట్‌వేర్ నడిచేలా చూడటం ఏళ్ల తరబడి నా పని. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మామూలు సీసీ కెమెరా వీడియో తీసి హార్డ్ డిస్కులో పెడుతుంది. డిస్కు నిండితే పాతది చెరిగిపోయి దానిమీద కొత్తది పడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం కూడా జనం ఎక్కువగా వచ్చే సంస్థలు వీడియోను 30 రోజులు ఉంచాలనే చెప్పింది. దాంతో "కెమెరాలో పడినా నెలకల్లా పోతుందిలే" అన్న నమ్మకం జనంలో ఉండిపోయింది. వీడియో విషయంలో అది చాలావరకు నిజమే.

నంబర్ చదివే కెమెరా వేరు. అది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును ప్లేటు మీద వేస్తుంది. ప్లేటు మీది మెరిసే పూత ఆ వెలుగును తిరిగి కెమెరాలోకే కొడుతుంది. అందుకే అర్ధరాత్రి కూడా నంబరు స్పష్టంగా పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మను అక్షరాలుగా మార్చి ఒక వరుస రాసుకుంటుంది: నంబరు, తేదీ, సమయం, ఏ కెమెరా, ఏ దిక్కుకు వెళ్తోంది. పక్కన బండి ఫోటో ఒకటి. ఆ నంబరును దొంగతనానికి గురైన బండ్ల జాబితాతోనో, పోలీసులు వెతుకుతున్న బండ్ల జాబితాతోనో పోల్చి చూస్తుంది. కలిస్తే కంట్రోల్ రూమ్‌లో అలారం మోగుతుంది. కలవకపోతే ఆ వరుస అలాగే ఉండిపోతుంది, ఫలానా రోజులకు చెరిపేయమని ఎవరో ఒకరు సెట్టింగ్ పెట్టేదాకా.

ఇక్కడ ఒక లెక్క చూడండి. ఒక వంతెన మీద రోజుకు 20 వేల బండ్లు వెళ్తాయనుకుందాం. ఏడాదికి 73 లక్షల వరుసలు. ఒక్కో వరుసకు 200 బైట్లు వేసుకున్నా మొత్తం ఒకటిన్నర జీబీ. ఫోటోలు తీసేస్తే ఆ వంతెన మీద ఏడాది పొడవునా ఎవరెవరు ఎప్పుడెప్పుడు వెళ్లారో మీ జేబులోని పెన్ డ్రైవ్‌లో పట్టేస్తుంది. వీడియోను డిస్కు ఖర్చు భరించలేక చెరిపేస్తారు. ఈ వరుసల్ని చెరిపేయాల్సిన ఖర్చు ఒత్తిడి ఎవరికీ లేదు. పదేళ్లు ఉంచినా అడిగేవాళ్లు లేరు. అందుకే వీటికి గడువును యంత్రం కాకుండా నియమం పెట్టాలి.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. హైదరాబాద్‌లో ఒక కూడలిలో కెమెరా పెడితే ఇంకో గల్లీలోంచి పోవచ్చు. ఎన్నో దారులు. కోనసీమకు ఆ అవకాశం లేదు. ఒకవైపు గౌతమి, ఒకవైపు వశిష్ఠ, కింద సముద్రం. కారు బయటికి రావాలంటే జొన్నాడ వైపు గౌతమి వంతెన, సిద్ధాంతం వంతెన, చించినాడ వంతెన, ఎదుర్లంక నుంచి యానాం వెళ్లే వంతెన, లేదా బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ. కోటిపల్లి రేవులోనో, సఖినేటిపల్లి రేవులోనో పంటు, అంటే బండ్లను నది దాటించే పెద్ద పడవ, ఎక్కించడం ఇంకో దారి. వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. ఈ కొద్ది చోట్లా నంబర్ చదివే కెమెరాలు ఉంటే చాలు, లక్షల మంది రాకపోకలు దాదాపు పూర్తిగా ఒక పట్టికలోకి వచ్చేస్తాయి. పెద్ద నగరంలో వందల కెమెరాలు పెట్టినా రాని సంపూర్ణత ఇక్కడ అయిదారు చోట్లతో వస్తుంది. ఢిల్లీలోనో ముంబైలోనో కూర్చుని కెమెరాల సంఖ్య చూసి ప్రమాదం అంచనా వేసేవాళ్లకు ఈ విషయం తట్టదు. నదులే మనకు గేట్లు.

ఆ పట్టికలో ఏం కనపడుతుందో ఆలోచించండి. ఒక్కో వరుస విడిగా చూస్తే ఏమీ లేదు. ఆరు నెలల వరుసలు కలిపి చూస్తే మీ జీవితం కనిపిస్తుంది. ప్రతి మంగళవారం రాజమండ్రి వెళ్లి సాయంత్రం వచ్చే కారు ఉంటే, ఆ ఇంట్లో ఎవరికో డయాలసిస్సో కీమోథెరపీయో నడుస్తుండవచ్చు. ఎన్నికలకు ముందు పది రోజులు వరుసగా ఒక నాయకుడి ఊరికి వెళ్లిన కారు, పిల్లలు లేని దంపతులు నెలకోసారి వెళ్లే కాకినాడ ఆస్పత్రి, ఎవరికీ చెప్పకుండా మందు మాన్పించే కేంద్రానికి తీసుకెళ్లిన తమ్ముడు, విడాకుల కోసం లాయరు దగ్గరికి వెళ్లిన కూతురు, ఇవన్నీ ఎవరికి వారు దాచుకునే సంగతులు. వీటిలో నేరం ఏదీ లేదు. మీ బావగారు "తప్పు" అన్నమాట వాడారు కానీ, మనిషి దాచుకునేవాటిలో ఎక్కువ భాగం తప్పులు కావు.

పైగా యంత్రం చెప్పేది బండి గురించి, మనిషి గురించి కాదు. సంక్రాంతి మూడు రోజులు భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరుల దగ్గర ఎన్ని కార్లు ఆగుతాయో మీకు తెలుసు. వాటిలో పందెం కాసినవాళ్ల కార్లు ఎన్ని, హైదరాబాద్ నుంచి వచ్చిన అల్లుణ్ణి చూపించడానికి తీసుకొచ్చినవి ఎన్ని, పక్క వీధిలో చుట్టాల ఇంటికి వచ్చినవి ఎన్ని? రికార్డులో అన్నీ ఒకటే. కెమెరా అక్షరాలు తప్పు చదవడమూ ఉంది. 8ని బి అనుకోవడం, సున్నాను డి అనుకోవడం, మట్టి కొట్టుకుపోయిన లారీ ప్లేటులో ఒక అంకె మింగేయడం రోజూ జరిగేవే. మన వైపు తెలుగు అంకెలతో రాయించుకున్న పాత ప్లేట్లు, దేవుడి బొమ్మలు అతికించినవి సరేసరి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లు తప్పనిసరి అయ్యాక ఇది తగ్గింది, పోలేదు. దొంగ ప్లేటు వేసుకుని తిరిగేవాడి ప్రయాణాలు కూడా మీ నంబరు కిందే పడతాయి.

"పోలీసులకు నా మీద ఆసక్తి ఏముంటుంది?" అనిపించవచ్చు. నిజమే, ఉండదు. నేను చూసినంతలో మామూలు మనిషికి ముప్పు ప్రభుత్వం నుంచి కన్నా తెలిసినవాళ్ల నుంచే ఎక్కువ. ఒక కంట్రోల్ రూమ్‌లో పని చేస్తున్నప్పుడు ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, తమ అమ్మాయికి సంబంధం చూస్తున్నామని, అబ్బాయి కారు నంబరు ఇస్తానని, రాత్రిళ్లు ఎక్కడెక్కడ తిరుగుతోందో చూసి చెప్పమని అడిగారు. ఆయన దృష్టిలో అది తప్పే కాదు, కూతురి మీద ప్రేమ. నేను కుదరదన్నాను. కానీ అదే గదిలో ఎవరు సిస్టమ్ ముందు కూర్చున్నా ఒకటే లాగిన్, ఒకటే పాస్‌వర్డ్, అది కూడా మానిటర్ అంచున కాగితం మీద రాసి అంటించి ఉండేది. మూడు షిఫ్టుల వాళ్లూ అదే వాడేవారు. ఎవరైనా ఆ అబ్బాయి నంబరు వెతికి ఉంటే ఎవరు వెతికారో తర్వాత కనుక్కునే మార్గమే లేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఈ సంగతి. లక్షల ఖర్చుతో కెమెరా పెడతారు, ఒక్కో మనిషికి ఒక్కో లాగిన్ ఇవ్వడానికి పది నిమిషాలు పెట్టరు.

ఇది మన ఊళ్ల జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరి పోలీసు అధిపతి నంబర్ ప్లేటు కెమెరాల్లో తన మాజీ ప్రియురాలి కారును, ఆమె కొత్త స్నేహితుడి కారును కలిపి 200 సార్లకు పైగా వెతికిన సంగతి బయటపడింది. కేరళలో 2023లో ఇంకో రకంగా జరిగింది. ఒకాయన స్కూటర్ మీద హెల్మెట్ లేకుండా వెళ్తూ కెమెరాకు దొరికాడు. స్కూటర్ ఆయన భార్య పేరున ఉంది. వెనక ఇంకొక స్త్రీ కూర్చుని ఉంది. ఫోటో నేరుగా ఆర్సీలో ఉన్న ఫోను నంబరుకు, అంటే భార్యకు వెళ్లింది. ఇంట్లో గొడవ చివరికి పోలీసు కేసు దాకా పోయింది. ఆయన మంచివాడా కాదా అన్నది మనకు అనవసరం. హెల్మెట్ లేదని చెప్పడానికి వెనక కూర్చున్న మనిషి ముఖం పంపాల్సిన అవసరం లేదు. ఆ ముఖాన్ని మసకబార్చడం సాఫ్ట్‌వేర్‌కు క్షణం పని.

ఇంత చెప్పాక, కెమెరాలు పీకేయమంటారా అని అడిగితే అననండీ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. పదహారో నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట సైకిలు మీద వెళ్లే కూలీని గుద్ది ఆగకుండా పోయిన లారీ సంగతి తీసుకోండి. లారీ ఏదో తెలియకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద ఆ కుటుంబానికి వచ్చేది 2 లక్షలు, గట్టి గాయాలైతే 50 వేలు. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న రేటు ఇది. అదే లారీ నంబరు దొరికితే బీమా కంపెనీ మీద ట్రిబ్యునల్‌లో కేసు వేయొచ్చు. చనిపోయినవాడి వయసు, సంపాదన, అతని మీద ఆధారపడినవాళ్లు ఎందరు అన్నది చూసి పరిహారం లెక్క కడతారు. నలభై ఏళ్లు నిండని మనిషికి అది ఎన్నో రెట్లు ఎక్కువ రావచ్చు. ఒక ఫోటో ఆ పిల్లల చదువు నిలబెట్టగలదు. ఈ మేలును వదులుకోమని నేను ఎవరికీ చెప్పలేను.

కానీ ఆ మేలుకు ఎన్ని రోజుల రికార్డు కావాలి? గుద్దిన లారీ కోసం మర్నాడో వారంలోనో వెతుకుతారు. బండి పోయినవాడు గంటల్లో ఫిర్యాదు చేస్తాడు. ఆరు నెలల కిందట మీరు ఎక్కడున్నారో తెలియడం వల్ల ఈ రెండు పనుల్లో ఏదీ మెరుగుపడదు. అమెరికాలోనే న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో జాబితాతో కలవని నంబరును 3 నిమిషాల్లో చెరిపేయాలని చట్టం ఉంది. బ్రిటన్‌లో 12 నెలలు ఉంచుతారు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2008లో రెండు రాష్ట్రాల నంబరు స్కానింగ్ చట్టాలను కొట్టేసింది. 2018 డిసెంబరు తీర్పులో ఇంకో అడుగు ముందుకు వేసి, జాబితాతో కలవక వెంటనే చెరిపేసినా సరే, నంబరు చదివి పోల్చడమే పౌరుడి హక్కులో జోక్యం అని చెప్పింది. మూడు నిమిషాలా ఏడాదా అన్నది ఒక్కో సమాజం తనకు తాను నిర్ణయించుకున్నది. మన దగ్గర ఆ నిర్ణయమే జరగలేదు.

మన చట్టంలో ఏముందో చూద్దాం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 136ఏ అనే సెక్షన్ వచ్చింది, రోడ్ల మీద ఎలక్ట్రానిక్ నిఘాకు ఆధారం అదే. దాని కింద 2021 ఆగస్టులో 167ఏ నియమం వచ్చింది. అది మంచి నియమమే. కెమెరా నిఘా ఉందని ముందుగా కనపడేలా బోర్డు పెట్టాలి. పరికరానికి అనుమతి సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ఏటా రెన్యూ చేయించాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. ఆ చలానాతో పాటు తప్పు, నంబరు ప్లేటు స్పష్టంగా కనపడే ఫోటో, తేదీ, సమయం, చోటు, పరికరం కొలిచిన రీడింగ్ ఉండాలి. కేసు తేలేదాకా రికార్డు దాచాలి. గమనించారా, ఇదంతా తప్పు చేసినవాడి రికార్డు గురించే. ఏ తప్పూ చేయని మీ వరుసను ఎప్పుడు చెరిపేయాలన్నది అందులో లేదు. తప్పు చేసినవాడికి ఉన్నపాటి రక్షణ చేయనివాడికి లేదు. మీ బావగారికి ఇది చదివి వినిపించండి.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చింది. బహిరంగ ప్రదేశంలో ఉన్నంతమాత్రాన మనిషి ప్రైవసీ పోదని కూడా అందులో ఉంది, కాబట్టి "రోడ్డు మీదికి వచ్చాక ప్రైవసీ ఏంటి" అనే వాదన చెల్లదు. ప్రభుత్వం ఆ హక్కులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి తగినంతే చేయాలి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. నేరాల నివారణ, దర్యాప్తు పనులకు అందులో పెద్ద మినహాయింపు ఉంది, కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు ఇంకా పెద్దది ఉంది. అయితే మీ పట్టణంలో ప్రైవేటు అపార్ట్‌మెంట్, మాల్, పార్కింగ్ కంపెనీ నంబర్లు చదివి దాచుకుంటే ఆ చట్టం పనికొస్తుంది.

ప్రభుత్వం వెనక్కి తగ్గిన సందర్భం కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి. 2019లో కేంద్ర రవాణా శాఖ మన ఆర్సీ, లైసెన్సు వివరాలను డబ్బు తీసుకుని సంస్థలకు గంపగుత్తగా ఇచ్చే విధానం తెచ్చింది. దుర్వినియోగం అవుతుందని విమర్శ పెరిగాక 2020 జూన్‌లో దాన్ని రద్దు చేసింది. అడిగితే మారుతుందనడానికి అది సాక్ష్యం.

ఇక మీరు రోజూ దాటే ఈతకోట టోల్‌గేటు. కెమెరా గురించి ఆలోచిస్తూ చాలామంది అద్దం మీది ఫాస్టాగ్‌ను మరిచిపోతారు. 2021 ఫిబ్రవరి నుంచి అది అందరికీ తప్పనిసరి. మీరు దాటిన సమయం బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పడుతుంది, ఎస్సెమ్మెస్ రిజిస్టర్ చేసిన ఫోనుకు వెళ్తుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లలో ట్యాగ్ మార్చుకోనివాళ్లు మన వైపు కావలసినంత మంది ఉన్నారు. ఈతకోట దాటితే ఒక మెసేజ్, ఉంగుటూరు దాటితే ఒక మెసేజ్, అన్నీ పాత ఓనరుకే. కారు అన్నయ్య పేరున ఉంటే అన్నయ్యకు, మామగారి పేరున ఉంటే మామగారికి. పాత ట్యాగ్ మూయించి మీ పేరున కొత్తది తీసుకోండి, ఆర్సీలో ఫోను నంబరు మార్పించండి. చలానా వేరేవాళ్లకు పోకుండా ఉండటానికి కూడా అదే దారి. మీరు ఎప్పుడూ వెళ్లని ఊరి నుంచి చలానా వస్తే గొడవ ఎందుకని డబ్బు కట్టేయకండి. కడితే ఒప్పుకున్నట్లే. ఫోటో తెరిచి కారు రంగు, మోడల్, బంపరు మీది గీతలు పోల్చి, ఈ-చలానా పోర్టల్‌లో అభ్యంతరం పెట్టండి. ప్లేటు నకలు అని అనుమానం వస్తే స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు దగ్గర పెట్టుకోండి. ప్లేటు మీద స్ప్రేలు కొట్టడం, అంకె కనపడకుండా వంచడం మాత్రం వద్దు. అది నేరం, పైగా మీరే అనుమానితుల జాబితాలోకి వెళ్తారు.

ఇవన్నీ మీ ఒక్కరి జాగ్రత్తలు. రికార్డు గడువు విషయం మాత్రం మీ ఒక్కరి జాగ్రత్తతో తేలేది కాదు, అడగాలి. సమాచార హక్కు దరఖాస్తు ఒకటి జిల్లా పోలీసు కార్యాలయానికి, ఇంకొకటి మున్సిపాలిటీ కెమెరాలు పెట్టించి ఉంటే మునిసిపల్ కమిషనర్ కార్యాలయంలోని సమాచార అధికారికి పెట్టండి. ఫీజు 10 రూపాయలు. కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయని అడగకండి, భద్రతా కారణం చెప్పి తిప్పికొడతారు. విధానం అడగండి: జాబితాతో కలవని నంబర్ల రికార్డు ఎన్ని రోజులు ఉంచుతున్నారు, ఆ గడువు ఏ ఉత్తర్వులో ఉంది. వెతికే అధికారం ఏ హోదా నుంచి ఉంది, ఒక్కొక్కరికి వేరే లాగిన్ ఉందా, ఎవరు ఏ నంబరు వెతికారన్న రిజిస్టరు ఉందా, దాన్ని ఏడాదిలో ఎవరైనా తనిఖీ చేశారా. నిర్వహణ కాంట్రాక్టు ప్రైవేటు సంస్థకు ఉంటే డేటా ఎవరి సర్వర్లో ఉంది, కాంట్రాక్టు ముగిశాక ఏం చేయాలని ఒప్పందంలో రాశారు. చివరి ప్రశ్నను వదలకండి. కాంట్రాక్టరు మారినప్పుడు పాత సర్వరు ఏమైందో పట్టించుకునే ఆఫీసు నాకు అరుదుగానే తగిలింది.

30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోయినా, "అలాంటి ఉత్తర్వు లేదు" అని వచ్చినా, రెండూ పనికొచ్చేవే. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. ఉత్తర్వు లేదని వస్తే ఆ కాగితం జిరాక్స్ తీసి మీ ఎమ్మెల్యేకీ, ఊళ్లో కెమెరాలకు చందాలిచ్చిన వర్తక సంఘానికీ ఇవ్వండి. డబ్బు పెట్టినవాళ్లు గడువు ఎంత అని అడిగితే ఎస్సై స్థాయిలోనే ఆ సెట్టింగ్ మారడం నేను చూశాను.